మ్యూచువల్‌కు మనిషిని వెతికిన వేసవి

మేము ఖరగ్‌పూర్ వచ్చిన మొదటి వారంలోనే అక్కడి నుంచి వెళ్లిపోయే ప్రయత్నం మొదలైంది. దానికి నా నోటి మాటే కారణం.

అప్పటికి ఇంకా మూటలు విప్పలేదు. పలాసలో రైలెక్కి వచ్చిన బడలిక తీరలేదు. రైల్వే క్వార్టరు గోడలు కొత్త సున్నం వాసన కొడుతున్నాయి. మా అమ్మాయి గోల్‌బజార్ వెళ్లి సరుకులు తెచ్చింది. కొట్టువాడు ఏ నూనె ఇస్తే ఆ నూనె పట్టుకొచ్చింది. అది ఆవనూనె అని మూకుడు పొయ్యి మీద పెట్టాక గాని నాకు తెలియలేదు. వంకాయ ముక్కలు వేసేసరికి ఆ ఘాటుకి కళ్లంట నీళ్లు కారాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “ఈ ఊర్లో నానుండలేనే పిల్లా” అన్నాను.

నూనె మీద విసుగుతో అన్నాను. నా కళ్లనీళ్లు చూసి మా అమ్మాయి అది ఊరి మీద బెంగ అనుకుంది. తను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. విన్నది మాత్రం కడుపులో పెట్టుకుంటుంది. మర్నాడు తను పనిచేసే రైల్వే వర్క్‌షాపు నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా, “అమ్మా, మ్యూచువల్ ఉంటదట. ఎతుకుతాను. నువ్వు బెంగెట్టుకోకు” అంది.

మ్యూచువల్ అంటే రైల్వేలో ఒకరి చోటుకి ఒకరు మారడం. ఇక్కడి నుంచి విశాఖ వెళ్లాలనుకునే మనిషి ఒకరు, విశాఖ నుంచి ఇక్కడికి రావాలనుకునే మనిషి ఒకరు ఉండాలి. ఇద్దరిదీ ఒకే పని, ఒకే గ్రేడు అయ్యుండాలి. అప్పుడు ఇద్దరూ ఒప్పుకుని అర్జీ పెట్టుకుంటే ఆఫీసువాళ్లు ఇటు మనిషిని అటు, అటు మనిషిని ఇటు వేస్తారు. పెళ్లి సంబంధానికి ఎంత వెతుకులాట ఉంటుందో దీనికీ అంతే. అన్నీ కలిసిన జత దొరకడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

నాకు విశాఖ కూడా కొత్త ఊరే. కానీ అక్కడ తెలుగు ఉంటుంది, నువ్వులనూనె, పల్లీనూనె దొరుకుతాయి అని మా అమ్మాయి లెక్క. పలాసలో జీడి పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి దాన్ని ఐ.టి.ఐ. చదివించాను. వాళ్ల నాన్న అది చిన్నగా ఉండగానే పోయాడు. రైల్వే పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుని, మొదటి పనిగా నన్ను వెంట తెచ్చుకుంది. అమ్మని సుఖపెట్టాలని తెస్తే, తెచ్చిన వారంలోనే అమ్మ ఏడ్చింది. దానికి ఎలా ఉంటుంది మరి.

నాకు మాత్రం రెండో వారానికే ఈ ఊరు నచ్చడం మొదలైంది.

చదువుకున్నవాళ్లు కొత్త ఊర్లో బోర్డులు చూసి నడుస్తారు. గోల్‌బజార్ లోపలి సందుల్లో బోర్డులన్నీ బెంగాలీలో ఉంటాయి. మా అమ్మాయికి అవి రావు. దాంతో అది రెండుసార్లు దారి తప్పి ఆటో ఎక్కి ఇంటికొచ్చింది. నాకు అప్పటికి ఏ భాషలోనూ అక్షరాలు రావు. పలాసలో కూడా నాకు బోర్డులు లేవు. అందుకని నేను ఎప్పుడూ నడిచినట్టే ఇక్కడా నడిచాను. మసాలా దుకాణం ఘాటు వచ్చిన చోట కుడి చేతికి తిరగాలి. కుట్టుమిషను ముందేసుకుని కూర్చున్న తెల్లగడ్డం ఆయన కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టు. అక్కడి నుంచి నేల తడిగా ఉంటే చేపల బజారు దగ్గర పడ్డట్టు. అక్షరాలు రాని మనిషికి పరాయి ఊరు అంత పరాయిగా ఉండదని నాకు అప్పుడే తెలిసింది.

మొదటిసారి చేపలకి వెళ్లిన రోజు, పక్క క్వార్టరు ఆవిడ దగ్గర ‘దాదా, కతో’ అనే మాట నేర్చుకుని వెళ్లాను. ధర ఎంత అని అడగడం అది. దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూ వెళ్లి, ఒక చేపలాయన ముందు నిలబడి అన్నాను. ఆయన కత్తిపీట మీద నుంచి తలెత్తి చూశాడు.

“ఏటి వదినా, కొత్తగా వచ్చినారా? బెంగాలీ మాటాడతన్నావు” అన్నాడు.

“ఓలమ్మ, నువ్వు తెలుగోడివా?”

“కాదు. మా నాన్న బెంగాలీ, మా యమ్మ బెంగాలీ. బేరం తెలుగు. మీవోళ్లు కొనబట్టే గదా నాను పిల్లల్ని పెంచినాను.”

ఎండు నెత్తళ్లు ఉన్నాయా అని అడిగాను. సోమవారం రమ్మన్నాడు. రుయి చేప ముక్కలు కోసి ఇస్తూ, ఆవనూనెలో వేయించమన్నాడు. దాని పేరెత్తొద్దన్నాను.

“పచ్చి నూనెలో ఏసేసినావు గావాల. ముందు పొగ రానీ. పొగొచ్చినాక దించి, సల్లార్సి, మళ్లీ ఎక్కించు. అప్పుడు గానీ సేప ఎయ్యకు. బాగోకపోతే తెచ్చి నా మొకం మీద కొట్టు.”

ఆ సాయంత్రం అలాగే చేశాను. మా అమ్మాయి రెండు ముక్కలు అదనంగా తిని, “ఏ నూనమ్మా ఇది?” అంది. చెబితే నమ్మలేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది, ఇక వెతకొద్దే అని. కానీ అది అప్పటికే వర్క్‌షాపులో నలుగురిని అడిగి, ఫోన్‌లో రైల్వేవాళ్ల గుంపుల్లో చేరి, రోజూ వాటిలో చూస్తోంది. నా కోసం అంత పడుతున్న పిల్లకి వద్దు అని ఎలా చెప్పను? దొరికినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. దొరకదులే అని కూడా అనుకున్నాను.

పక్క క్వార్టరు ఆవిడ గురించి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడని నేను మొదటి రోజు నుంచీ అప్పా అనే పిలిచాను. ఆవిడ మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ వర్క్‌షాపులో చేరాడట. తరవాత భర్త చేశాడు, ఇప్పుడు కొడుకు చేస్తున్నాడు. పాలవాడితో బెంగాలీ, కూరగాయల ఆవిడతో ఒడియా, కోడలితో హిందీ, నాతో తెలుగు మాట్లాడేది. నాలుగూ ఒకే గుక్కలో మాట్లాడేది. నాలాగే ఆవిడకీ భర్త లేడు. వర్క్‌షాపు సైరను మోగితే గడియారం చూడకుండా పొయ్యి మీద అన్నం పెట్టడం నాకు ఆవిడే నేర్పింది. ఆదివారం మధ్యాహ్నం నన్ను తెలుగు బడికి లాక్కుపోయింది కూడా ఆవిడే. ఒక రిటైరైన పంతులమ్మ అక్కడ పెద్దవాళ్లకి అక్షరాలు చెప్పేది. చిన్న పిల్లల బల్లల్లో మా మోకాళ్లు పట్టేవి కావు. అందరం పక్కకి తిరిగి కూర్చుని రాసేవాళ్లం. పలాసలోనే ఉంటే నేను ఈ వయసులో పలక పట్టేదాన్ని కాదు. అక్కడ నాకేమి వచ్చో, ఏమి రాదో అందరికీ తెలుసు. ఇక్కడ నా గురించి ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని ఏదైనా మొదలు పెట్టొచ్చు అనిపించింది.

పెరట్లో మట్టి తవ్వి గోంగూర విత్తనాలు చల్లితే మా అమ్మాయి నవ్వింది.

“ఎల్లిపోయే ఇంటికి ఇయన్నీ ఎందుకే అమ్మా?”

“ఎల్లేదాకా తింటాం గదా” అన్నాను.

చలికాలం వెళ్లిపోతుండగా, దొరకదనుకున్న మనిషి దొరికాడు. మా అమ్మాయి ఒక సాయంత్రం మొహం వెలిగిపోతూ వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. ఒక బెంగాలీ కుర్రవాడి ఫొటో. విశాఖలో పని చేస్తున్నాడు. మా అమ్మాయిదీ, అతనిదీ ఒకే పని. అరిగిపోయిన రైలు చక్రాలని లేత్ మీద చెక్కి మళ్లీ గుండ్రంగా చేసే పని. గ్రేడు కూడా అదే. వాళ్లమ్మ ఖరగ్‌పూర్‌లోనే ఒంటరిగా ఉంటోందట. అందుకని ఇక్కడికి వచ్చేయాలని చూస్తున్నాడు.

“అన్నీ కలిసినాయమ్మా. అమ్మోరి పండగెల్లినాక అర్జీ పెట్టేస్తాం.”

“మంచిదే” అన్నాను. కంచంలో చారు పోశాను. అప్పటికే చారు పోసి ఉంది.

నాలుగు రోజులకి ఆ కుర్రవాడి తల్లి మా ఇల్లు చూడటానికి వచ్చింది. కొడుక్కి మా క్వార్టరే ఇస్తారని ఏమీ లేదు, కానీ ఆవిడకి ఆశ. సన్నగా, పొట్టిగా ఉంది. చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మిఠాయి పొట్లం. నన్ను దీదీ అంది. నాకు వచ్చిన బెంగాలీ చేపల బజారుది. దానితో కొడుకుల గురించి మాట్లాడలేం. అప్పని పిలిచాను.

ఆవిడ గదిలో నిలబడి గోడ మీద జానలు వేసి కొలిచింది. ఏదో అంది.

“కొడుకు మంచం ఈడెయ్యాలంటంది” అంది అప్ప.

ఇంకా చాలాసేపు మాట్లాడింది. అప్ప, “అబ్బాయి బాగానే ఉన్నాడట” అంది.

“అంత సేపు మాటాడితే అంతేనా?”

“మిగతాదంతా నువ్వు మీ అమ్మాయి గురించి సెప్తావే, అదే. తిన్నాడో లేదో, బట్టలెవలు ఉతుకుతన్నారో.”

ఆవిడ టీ తాగి, వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆవిడ చెడ్డ మనిషైతే నాకు పని తేలికయ్యేది. మంచిది. అది నాకు కష్టమైంది.

ఎండలు ముదరకముందు మా వైపు వాళ్లు ఇక్కడ అమ్మవారి పండగ చేస్తారు. డప్పులతో ఘటం క్వార్టర్ల ఒక్కో లైనూ తిరుగుతుంది. ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్లు ఘటం ఎత్తిన మనిషి కాళ్లు కడుగుతారు. పసుపు నీళ్లలో వేపరొబ్బలు వేసి ముర్రాటలు సమర్పిస్తారు. ఇదంతా మా వైపు ఉన్నదే. ఇక్కడ ఉన్న కొత్త పద్ధతి ఒకటి. ఘటం మొదట ఎవరి ఇంటి ముందు ఆగుతుందో ఆ ఇంటివాళ్లు అందరికీ అంబలి పొయ్యాలి. వచ్చే ఏడు ఆ మొదటి మజిలీ ఎవరిదో ఈ ఏడు ఆఖరి రోజునే తేల్చేస్తారు. అమ్మవారి ముందు తాంబూలం పుచ్చుకున్నవాళ్లది. పుచ్చుకున్నాక వెనక్కి ఇవ్వడం ఎన్నడూ లేదు. ఉద్యోగాలు ఎక్కడెక్కడికో మారే ఊరు కదా. వచ్చే ఏడు ఇక్కడే ఉంటాం అని గట్టిగా తెలిసినవాళ్లే చెయ్యి చాస్తారు.

ఆఖరి రోజు నేను గుంపు వెనక నిలబడ్డాను. భర్త పోయినప్పటి నుంచీ ఏ శుభకార్యంలోనైనా నా చోటు అదే. ఎవరూ చెప్పక్కర్లేకుండా కాళ్లే అక్కడికి వెళ్లి ఆగుతాయి. పూజారి పళ్లెం పట్టుకుని, ఈసారి మా లైను వంతు, ఎవరు తీసుకుంటారు అని అడిగాడు. ఎవరూ కదల్లేదు. అప్ప వెనక్కి తిరిగి నన్ను వెతికి పట్టుకుని, రెక్క పట్టుకుని ముందుకి లాగింది.

“మా సెల్లింటికాడ” అంది.

“నాను ముందుకి రాకూడదప్పా. నీకు తెల్దా?” అన్నాను మెల్లగా.

మెల్లగా మాట్లాడటం అప్పకి రాదు. “ఏటి రాకూడదు? మొగుడు లేడనా? అమ్మోరికి మాత్రం ఉన్నాడేటి? ఎవలైనా సూసినారేటే?” అంది చుట్టూ ఉన్నవాళ్లతో. ఆడవాళ్లంతా గొల్లుమని నవ్వారు. పూజారి కూడా నవ్వు ఆపుకోలేక పళ్లెం కాస్త వంచాడు. “నానైతే రెండుసార్లు తీసుకున్నాను. పట్టు” అంది అప్ప.

విశాఖ గుర్తుంది. బెంగాలీ ఆవిడ గోడ మీద వేసిన జానలు గుర్తున్నాయి. అన్నీ గుర్తుండగానే నా చేతులు కొంగు చాపాయి. తమలపాకులు, వక్క, అరటిపళ్లు కొంగులో పడ్డాయి. నుదుట ఎవరో పసుపు పెట్టారు. తలెత్తి చూస్తే, షాపు నుంచి నేరుగా వచ్చినట్టుంది, నూనె మరకల నీలం చొక్కాతో మా అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది.

కొంగు మూట పట్టుకుని ఇద్దరం ఇంటికి నడిచాం. గుమ్మంలో అడుగు పెట్టాక అది మొదలు పెట్టింది.

“ఏటమ్మా అది?”

“తాంబూలం.”

“అది నాకూ తెలుస్తంది. వచ్చే ఏడు మనం విశాఖలో ఉంటాం గదా. ఈడ అంబలి ఎవలు పోస్తారు?”

“నానే పోస్తాను” అన్నాను. “నాకీ ఊరు బాగుందే పిల్లా.”

“ఎప్పట్నించి?”

“రెండో వారం నించి.”

అది మంచం మీద కూలబడింది. “రెండో వారం నించా? మరిన్నాళ్లూ నోట్లో ఏటెట్టుకున్నావు? నాను ఎంతమందిని అడిగినానో తెలుసా నీకు? రోజూ డ్యూటీ దిగినాక ఆ ఫోన్లో కళ్లు పోయేలా సూసినాను.”

“నువ్వు అంత ఇదిగా ఎతుకుతుంటే ఎలా సెప్పను?”

“ఏడ్చినావు గదమ్మా ఆ రోజు.”

“అది నూనె.”

నా మొహంలోకి చూసింది. తరవాత నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే, “నాకూ ఎల్లాలని లేదు” అంది. ఆ మాట నేను ఎదురు చూడలేదు. షాపులో మొదట్లో దాన్ని లేత్ దగ్గరికి రానిచ్చేవారు కాదట, పక్కన నిలబడి అందివ్వడమే పని. ఇప్పుడు ఒక పెద్ద మెషీను దాని చేతికి ఇచ్చారు. దాని చేతిలో తేలిన చక్రాలు ఏ రైలుకి వెళ్తాయా అని రోజూ అనుకుంటుందట. “ఎల్తే మళ్లీ అందరికన్నా ఎనకన నిలబడాల” అంది. నా కోసమని అది, దాని కోసమని నేను, ఇద్దరం చెరో వైపు మూట కడుతూ కూర్చున్నాం ఇన్నాళ్లూ.

నవ్వు అయ్యాక ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ అబ్బాయి. వాళ్లమ్మ. మేము కాదంటే వాళ్ల వెతుకులాట మళ్లీ మొదటికి వస్తుంది.

పొద్దున్నే అప్పకి చెప్పాను. ఆవిడకి అది పెద్ద విషయంగానే తోచలేదు. “ఒక మనిషి తక్కువయ్యాడు, అంతే గదా? విశాఖ ఎల్తానన్న తెలుగోడు ఖరగ్‌పూర్‌లో దొరకడేటి? పద, ఎతుకుదాం.”

అలా ఆ వేసవంతా మేమిద్దరం సంబంధాలు చూసేవాళ్లలా తిరిగాం. ఆదివారం అక్షరాల క్లాసు మాకు పెద్ద సంత అయిపోయింది. అన్ని లైన్ల ఆడవాళ్లూ అక్కడికి వస్తారు. పంతులమ్మ బోర్డు వైపు తిరగగానే వెనక బల్లల్లో మా పని నడిచేది.

“మీ తమ్ముడిది ఏ షాపమ్మా?”

“మెషీన్ షాపే. కానీ మా మరదలు కదల్దు.”

“మీ అల్లుడో?”

“అల్లుడు ఎల్తాడు, ఇప్పుడే మూట కడతాడు. ఆడిది పెయింటు పని గదా.”

ఇంకొకరు గ్రేడులో ఒక మెట్టు పైన ఉన్నాడు, కిందికి దిగాల్సి వస్తుందని వద్దన్నాడు. మరొకరు ఒప్పుకుని మర్నాడు కాదన్నాడు. పంతులమ్మ ఒకరోజు సుద్ద కింద పెట్టి, “మీరు అర్జీలు పెట్టించడం అయ్యాక చెప్పండి, గుణింతం మొదలెడతాను” అంది. ఆ వేసవిలో నేను గుణింతాలు నేర్చుకోవడం ఆలస్యం కావడానికి కారణం ఇదే.

చివరికి మనిషి మా అమ్మాయి షాపులోనే దొరికాడు. దాని పక్క లేత్ అతనిదే. భార్యది గాజువాక. ఆ అమ్మాయి పుట్టింటికి దగ్గరగా ఉండాలని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. అతనూ సిద్ధమే. కానీ వాళ్లమ్మ ఒప్పుకోదని ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. అప్ప, నేను బెల్లం, అటుకులు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాం.

అతని తల్లి అత్త అని పిలవదగ్గ మనిషి. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, ఇక్కడే పెళ్లాడి, ఇక్కడే మనవల్ని ఎత్తింది. మా మాట విని తమలపాకు నమలడం ఆపింది.

“విశాఖా? ఆడంతా తెలుగోళ్లే గదా?” అంది.

“మంచిదే గదత్తా. మనమూ తెలుగోళ్లమే” అన్నాను.

“నీకు మంచిది. నానొక్క దినం కూడా ఉండలేదు అలాటి ఊర్లో. అందరికీ నా మాట అర్థమైపోతే ఎలగే? ఈడ కోడలితో కోపమొస్తే తెలుగులో తిట్టుకుంటాను, పక్కోళ్లకి తెలవదు. రిక్షావోడితో బెంగాలీలో తగువాడతాను, ఇంట్లోవోళ్లు పట్టించుకోరు. ఆడ దేనికి దేన్ని వాడాలి?”

అప్ప పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ హాస్యానికి అనడం లేదు. ఆవిడ చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. రైలెక్కే ముందు పలాసలో నా చేతులూ అలాగే ఉన్నాయి.

“నీకు బయమెయ్యలేదేటి, ఈ వయసులో ఊరు మారితే?” అని అడిగింది.

“ఏసింది” అన్నాను. “పొద్దున్న లేస్తే ఏ పక్క తలుపుందో కూడా తెలిసేది కాదత్తా. కానీ ఒక్కటి సెప్తాను. అక్కడ నాకు జీడి పిక్కలు కొట్టే పని తప్ప ఇంకేటీ లేదు. ఊర్లో నన్ను సూడగానే పని మనిసిలాగే సూసేవోళ్లు. ఈడకొచ్చినాక నానెవలో ఎవలికీ తెల్దు. నాను ఏటి సెప్తే అదే నాను. సేపలోడికి వదిన్ని, ఈ అప్పకి సెల్లిని, పంతులమ్మకి మొద్దు పిల్లని. ఇయన్నీ పలాసలో ఉంటే నాకొచ్చేవి కావు. నువ్వు కూడా ఎల్లి సూడు. ఎంటనే ఒప్పుకోమనట్లేదు. పది దినాలుండి రా. నచ్చకపోతే అర్జీయే పెట్టొద్దు. మాకూ కోపం రాదు.”

“నీ కోసమే గదా నన్ను పంపిస్తన్నావు?” అంది కళ్లు చిన్నవి చేసి.

“నా కోసమే” అన్నాను. “ఇంకొక బెంగాలీ తల్లి కోసం కూడా. నీకు నచ్చితే నీ కోసం కూడా.”

ఆ సూటి మాటే ఆవిడకి నచ్చిందని తరవాత కోడలు చెప్పింది. ఆవిడ వెళ్లింది. వెళ్లిన పది రోజులూ మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా సయించలేదు. బెంగాలీ ఆవిడ దగ్గర మేము ఏమీ దాచలేదు. అప్ప వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చింది. ఆవిడ కోప్పడలేదు కానీ, ఆ వారం మా వైపు రాలేదు.

అత్త తిరిగి వచ్చిన సాయంత్రం మేము వెళ్లేసరికి గుమ్మంలోనే కూర్చుని ఉంది. కాళ్లు చాపుకుని, మమ్మల్ని చూసి అక్కడి కబుర్లు మొదలెట్టింది. గాజువాకలో వియ్యపురాలు మంచి మనిషేనట. ఎండ ఇక్కడికన్నా తక్కువట. సముద్రం మాత్రం ఊరికే గోల పెడుతుందట.

“మరి తగువు ఏ బాసలో ఆడినావు?” అంది అప్ప.

“ఆటోవోడితో తెలుగులోనే ఆడినాను” అంది ఆవిడ. “ఆడు నన్ను శ్రీకాకుళమా అని అడిగినాడు. అవునన్నాను. నా జన్మలో నాను శ్రీకాకుళం సూడనేదు.” చాపిన కాళ్లు ముడుచుకుని, “అర్జీ పెట్టమను మావోడిని” అంది.

కాగితాలు కదలడానికి వానాకాలం అంతా పట్టింది. ఆర్డర్లు వచ్చిన రోజు మా అమ్మాయి సాయంత్రం సైరను మోగాక పక్క లేత్ అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. అతని మొహంలో సంతోషం, బెంగ రెండూ ఉన్నాయి. అన్నం పెట్టాను. బెంగాలీల దుర్గాపూజకి ముందే బెంగాలీ అబ్బాయి వచ్చి అతని చోట చేరాడు. ఇప్పుడు మా అమ్మాయి పక్క లేత్ మీద పని చేస్తున్నాడు. విశాఖలో నేర్చుకున్న తెలుగుతో దాన్ని అక్కా అంటాడు. క్వార్టరు మాకు రెండు లైన్ల అవతల దొరికింది. వాళ్లమ్మ మంచం వేయడానికి ఏ గోడ చూసుకుందో నేను స్వయంగా వెళ్లి చూసి వచ్చాను.

ఈ ఏడు పండగకి ఘటం మొదట మా గుమ్మం ముందుకే వచ్చింది. తెల్లవారకముందే అప్ప, నేను పెద్ద డేగిశాలో అంబలి కాచాం. మా అమ్మాయి సెలవు పెట్టి ముగ్గులు వేసింది. దానికి ముగ్గులు రావు, గీతలన్నీ లేత్ మీద చెక్కినట్టు గుండ్రంగా తిప్పింది. బెంగాలీ ఆవిడ ఎవరూ పిలవకుండానే ఎర్రంచు తెల్లచీర కట్టుకుని వచ్చి ఎక్కడ నిలబడాలని చేతులతో అడిగింది. నా పక్కన నిలబెట్టుకున్నాను.

డప్పులు మలుపు తిరిగాయి. ఘటం గుమ్మం ముందు ఆగింది. నేను వంగి కాళ్లు కడిగాను. పసుపు నీళ్లు పోస్తున్నాను. అంతలో నా చెవి పక్కనే ఆవిడ నోట్లో నాలుక తిప్పుతూ, పెద్దగా, పొడుగ్గా ఉలూ పెట్టింది. బెంగాలీలు పూజల్లో చేసే శబ్దం అది. మా ఘటం దగ్గర ఎన్నడూ వినలేదు. డప్పులవాళ్లు ఉలిక్కిపడి దెబ్బ తప్పారు. ఆవిడ చేతితో నోరు మూసుకుని, తప్పు చేశానా అన్నట్టు నా వైపు చూసింది.

“ఆపుతావేటి? కానీ. అమ్మోరికి అన్ని బాసలూ వచ్చు” అంది అప్ప తెలుగులో, తరవాత అదే మాట బెంగాలీలో.

ఆవిడ చెయ్యి తీసి మళ్లీ పెట్టింది, ఈసారి ఇంకా గట్టిగా. డప్పులు దాన్ని అందుకున్నాయి.